మిద్దె మీది చౌడు, భూకంపం బీమా

ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. శనక్కాయలు ఒలుచుకుంటూనే వినండి, చేతికి పని ఉంటే చెవి కుదురుగా ఉంటుంది.

నేను ధర్మవరం నేతగాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో ఏడు, డెబ్బైల చివర్లో. ఒక మధ్యాహ్నం గూట్లో ఇత్తడి చెంబులు గలగలమన్నాయి. దూలానికి కట్టిన ఉయ్యాల దానంతటదే ఊగింది. అందులో నా ఆర్నెల్ల కూతురు. దాన్ని ఎత్తుకుని వీధిలో పడ్డాను. భూమి అదిరిందని వీధంతా ఒకటే గోల. మా మామ మాత్రం మగ్గం గుంతలోంచి కాళ్ళు కూడా తీయలేదు.

"తాగను నీళ్ళు లేని నేలకు ఊగేంత ఓపిక యాడుండాదమ్మా?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ దూలం కింద ఉయ్యాల కట్టనన్నాను. బిడ్డను బయట నీడన పడుకోబెట్టి కాపలా కూర్చున్నాను. కండెలకు దారం చుట్టేదాన్ని నేనే కాబట్టి మగ్గం ఆగింది.

నా పోరు పడలేక మా ఆయన బీమా ఏజెంటును పిలుచుకొచ్చాడు. ఇంటికి అగ్గి బీమా, దానికి తోకలాగా భూకంపం బీమా. ఏడాదికి ఒక పట్టుచీర నేసిన కూలంత కట్టాలట.

"ఇల్లు కూలితే దుడ్లు వస్తాయమ్మా," అన్నాడు ఏజెంటు.

"ఇల్లు కూలినాక మేముంటే కదప్పా! దుడ్లు ఎవురి చేతిలో పెడతావు, గూట్లో చెంబు చేతిలోనా?" అంది అత్త.

అయినా కట్టాల్సిందేనని నేను పట్టుబట్టాను. అత్త ముక్కాలిపీట తెచ్చి దూలం కింద వేసింది. ఏజెంటు ఒకసారి పైకి చూసి, పీటను గడప దగ్గరికి లాక్కున్నాడు.

"ఈడ గాలి బాగా వస్తాండాది," అన్నాడు.

"గాలి కాదప్పా, దిగులు!" అంది అత్త.

ఆయన సిగ్గుపడి, మిద్దె చూడాలని మా ఆయనతో పాటు నిచ్చెన ఎక్కాడు. మాది మట్టిమిద్దె. వాన నీళ్ళు దిగకుండా ఏటా దాని మీద చౌడుమన్ను పరచడం ఆచారం. వానకు కొంత కొట్టుకుపోతే కొత్తది పోయాలి. వానే రాకపోయినా మామ ఏ ఏడూ పోయడం మానలేదు. మా ఆయన గడ్డపార దించితే మూరెడు లోతు పోయింది.

ఏజెంటు దిగి వచ్చి చేతులు దులుపుకున్నాడు. "అన్నా, మీ ఇంటికి భూకంపం అక్కర్లేదు. పెద్దాయన ఇంగోసారి చౌడు పోస్తే చాలు."

"మరి వాన వస్తే?" అన్నాడు మామ.

"నీ చౌడును చూసే అది ఈ పక్కకు రావడం మానేసినట్టుండాది," అంది అత్త.

చీర కూలి బీమాకు పోలేదు, కూలోళ్ళకు పోయింది. రెండు రోజులు గంపలతో మన్ను దించారు. దూలం కింద కొత్త గుంజ ఒకటి నిలబెట్టారు. ఆ మన్నులో మా ఆయన చిన్ననాటి బొంగరం దొరికింది. పక్కింటామె దొంగిలించిందని అత్త ఊరంతా చెప్పిన ఇత్తడి గంటె కూడా దొరికింది. ఆ మాట ఎవరికీ చెప్పొద్దంది. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మా నడిమింటి తలుపు నా పెళ్ళినాటి నుంచీ భుజం ఆనించి నెడితే తప్ప కదిలేది కాదు. రెండో రోజు సాయంత్రం అత్త ఎప్పటిలాగే నెట్టింది. నెత్తిన బరువు దిగిన తలుపు ఊరికే తెరుచుకుంది. అత్త ముందుకు తూలి, తలుపు ఏడు తరాలను తిట్టింది.

నేను ఉయ్యాల తెచ్చి మళ్ళీ దూలానికి కట్టాను.

మీ ఇంటి దూలానికి మోయగలిగినంత బరువే ఉండాలి. మీ తలుపులు భుజం ఆనించకుండానే తెరుచుకోవాలి. పోయిన మీ గంటెలు మీ ఇంట్లోనే దొరకాలి.