ఒర్రె అవతలి కౌజులు

దేగ్లూర్ నుంచి మర్ఖేల్ పోయే బస్సు టైరు పంచరై ఆగింది. జాకీ దొరికేదాకా కూర్చోవడం నా వల్ల కాలేదు. డెబ్భై దాటినా నా కాళ్లకు ఇంకా బుద్ధి రాలేదు. సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. పొద్దు అప్పుడే పొడుస్తోంది. కిలోమీటరు నడిచానో లేదో, రోడ్డు పక్క శనగచేను అంచున గొంగడి కప్పుకుని, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని కూర్చున్న ఒకాయన కనిపించాడు. ఊరెంత దూరమని అడగబోయాను.

"ఆగుండ్రి కాకా," అన్నాడు తల తిప్పకుండానే. "లెక్క తప్పుతది."

ఆగాను. ఎదురుగా వాననీళ్లు పోయే చిన్న ఒర్రె. అవతలి ఒడ్డు నిండా రేగుపొదలు, ఇవతలి ఒడ్డు మాత్రం గొరిగిన తలలా నున్నగా ఉంది. ఆ పొదల్లోంచి కౌజుపిట్టల కూతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి.

"పదకొండు," అన్నాడు చివరికి. "అన్నీ వాని దిక్కే."

"ఎవరి దిక్కు?"

"శివరాజ్ అని నాకొక తమ్ముడున్నడు లెండ్రి." ఆ పేరు చెప్పేటప్పుడు పచ్చి వేపాకు నమిలినట్టు మొహం పెట్టాడు.

ఈయన పేరు ఆనందం. అరవై నాలుగేళ్లు. ముత్తాత నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకున్నాడట. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఎద్దులతో దక్కనీ. తండ్రి పోయాక పదెకరాల చేను అన్నదమ్ములకు చెరి సగమైంది. మధ్యలో ఈ ఒర్రె.

ఆయన కాలాన్ని జంతువులతో కొలుస్తాడు. "మేం బోరు ఏసిన ఏడు నక్కలు పోయినయ్. పెద్దబిడ్డ పెండ్లప్పుడు గద్దలు తక్కువైనయ్. రోహిలు మాత్రం, గవే మనుబోతులు, రెండుండేవి, ఇప్పుడు మందలకు మందలు. తీతర్లు ఒక్కటే మొన్నమొన్నటిదాంక నన్ను ఇడిసి పోలే. నలభై ఏండ్లు గీ ఒడ్డు మీద్నే కూసినయ్." తీతరంటే కౌజే.

పిట్టల లెక్కలు జిల్లాల పేరు మీద, తాలూకాల పేరు మీద పుస్తకాల్లో చదివాను. ఒక ఒడ్డు పేరు మీద లెక్క వినడం ఇదే మొదలు. ఎప్పుడో ఔసా దగ్గర ఒక ముసలమ్మను చూశాను. తన చింతచెట్టు మీది కొంగలు పక్కింటి చెట్టుకు మారాయని నెల్లాళ్లు ఆ ఇంటివాళ్లతో మాటలు మానేసింది. అప్పుడు నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు. నలభై ఏళ్లు ఒకే పిట్టను విన్న చోటు నాకు భూమ్మీద ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే ఆయన మీద నాకే కొంచెం కుళ్లు పుట్టింది.

"మరి అవతలికి ఎందుకు పోయాయి?" అన్నాను.

గొంగడి మెడ దాకా లాక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మూడేండ్ల కింద ఒర్రె మొత్తం నాదే అన్నడు వాడు. నేను మోజణీ తెప్పించిన. సర్కారోల్లు గొలుసులు పట్టి కొలిస్తే గీ ఒడ్డు నాదని తేలింది. కాయిదం మీద మొహర్ గుద్ది ఇచ్చిండ్రు. తెల్లారే మనుషులను పెట్టి పొదలన్నీ కొట్టిపిచ్చిన. నాదే అని వానికి కనబడాలె గద! రెండు సాళ్ల సోయా ఎక్కువచ్చింది. తీతర్లు ఏం మాట్లాడలే. ఒర్రె దుంకి పోయినయ్."

"కాగితమో?"

"ఇంట్ల ట్రంకుపెట్టెల, మా ఆమె సుందరబాయి పెండ్లిచీర కింద. దాన్ని తెచ్చి ఒడ్డు మీద పెట్టు, కూస్తదేమో సూద్దామంటది."

పిట్టలను వెనక్కి రప్పించడానికి ఆయన చేయనిది లేదు. జొన్నలు చల్లాడు, మట్టి చిప్పలో నీళ్లు పెట్టాడు. అవి వస్తాయి, తింటాయి, తాగుతాయి, అవతలికి పోయి పడుకుంటాయి. "తిండి నాది, కూత వానిది," అన్నాడు పళ్ల మధ్యనుంచి.

అంతలో ఒర్రె అవతల మోటారుసైకిలు ఆగింది. మఫ్లరు చుట్టుకున్న మనిషి దిగి ఇటు చూసి నవ్వాడు.

"దాదా, నా పొదలకు కావలి అచ్చినవా? జీతమేమన్న ఇయ్యాల్నా?"

"శివరాజ్, అండ్ల తీతర్లెన్నున్నయో నీకెరుకనా?"

"ఏంటివి? ఓ, గవా! పొద్దుగాల నిద్ర సెడగొడ్తయ్. నువ్వే తీస్కపో."

ఆనందం మెడ నరాలు ఉబ్బాయి. తనకు దక్కని దాన్ని వాడు చూడను కూడా చూడడం లేదు.

"ఎట్లనూ గుడిపాడ్వా పండుగ అయినంక జేసీబీ పిలుస్తున్న," అన్నాడు శివరాజ్. "నేను గూడ సాఫ్ చేపిస్త. నీకు రెండు సాళ్లు ఎక్కువ రాంగ నేనెందుకు ముండ్లు మోసుకుంట కూసోవాలె? మూడేండ్ల సంది కడుపు మండుతున్నది దాదా. దాచుడెందుకు?"

ఆనందం మొహంలో ఒక వెలుగు కదిలింది. నాకు లేనివి ఇక వాడికీ ఉండవన్న వెలుగు. అది చూసి నాకు కొంచెం భయమే వేసింది. ఇంతలో పొదల్లో ఒక కౌజు కూసింది, ఇంకొకటి అందుకుంది. ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది.

"గవి ముట్టకు," అన్నాడు.

"ఎందుకు?"

"నా ఒడ్డు నువ్వే దున్నుకో. రెండు సాళ్లూ నీవే. ముండ్లు ముట్టకు."

శివరాజ్ నవ్వు మాయమైంది. పొదల వైపొకసారి, అన్న వైపొకసారి చూశాడు. "అండ్ల ఏమున్నది దాదా? నాయిన ఏమన్న పాతిపెట్టిండా?"

"నీ తల్కాయ పాతిపెట్టిండు!"

"ఊకెనే ఎవడన్న భూమి ఇస్తడా?" నా వైపు తిరిగాడు. "కాకా, మీరే చెప్పుండ్రి, ఇస్తడా?" నేను సంచి సర్దుకున్నాను. శివరాజ్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, ముట్ట. గాని ఉత్త మాటలొద్దు. మోజణీ కాయిదం తెచ్చి నా చేతుల పెట్టు. జేసీబీ వద్దని ఇయ్యాల్నే ఫోన్ చేస్త."

ఆనందం అరచెయ్యి మళ్లీ చెవి వెనక్కి పోయింది.

"పన్నెండు," అన్నాడు నాతో. "ఇందాక ఒకటి తప్పిన."

లేచి గొంగడి దులుపుకున్నాడు. అవతలి ఒడ్డును ఒకసారి చూశాడు. ఆ చూపులో కుళ్లు రవ్వంత కూడా తగ్గలేదు. తమ్ముడు పిలుస్తున్నా, నేను ఊరెంత దూరమని అడుగుతున్నా వినిపించుకోలేదు. శనగచేనుకు అడ్డంగా ఇంటి వైపు, ట్రంకుపెట్టె ఉన్న వైపు, గబగబా నడిచిపోయాడు.