ఎర్ర దుప్పటి మీద నింద

అనకాపల్లి చేపల బజారులో అప్పలకొండమ్మతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. ఆమె కూతురు లోవలక్ష్మికి పాత చేప అంటగట్టినవాళ్లూ లేరు. పూడిమడక రేవు నుంచి వచ్చే తట్టల్లో ఏది ఇవాళ వలలో పడిందో, ఏది నిన్నటి ఐసులో పడుకుని లేచిందో మొప్ప ఎత్తి చూసి పదేళ్లకే చెప్పేసేది. తాజా మొప్ప ఎర్రగా ఉంటుంది, పాతబడేకొద్దీ వెలిసిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఎన్ని రంగులున్నాయో ఆ పిల్లనే అడగాలి.

2005లో రింగురోడ్డు పక్కన ఒక మేడ మీద వజ్రాలు ఏరే చిన్న యూనిట్ పెట్టారు. సూరత్ నుంచి సానపట్టిన చిన్న రాళ్లు పొట్లాల్లో వస్తాయి. తెల్లకాగితం మీద పోసి, రంగును బట్టి వేరు చేసి, తిరిగి పంపాలి. టెన్త్ పాసైన లోవలక్ష్మి మూడు నెలల ట్రయల్ మీద చేరింది. షరతు ఒకటే, మూడు తప్పులు పడితే ఇంటికే. సూపర్‌వైజరు రోనాల్డ్ రిజిస్టరు తెరిచాడంటే దేవుడు దిగొచ్చినా మూయడు. సొంత మేనకోడలు షైనీనే మూడో తప్పుకి పంపేసిన ఘనుడు.

లోవలక్ష్మికి ఆ పని కావాలి. జీతం సంగతి అలా ఉంచితే, సాయంత్రానికి చేతులు నీచువాసన రాని ఉద్యోగం వాళ్ల ఇంటావంటా లేదు. మొదటి నెలలోనే రెండు తప్పులు పడ్డాయి. అప్పట్నుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని నెట్టుకొచ్చింది. ట్రయల్ ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా ఒక మధ్యాహ్నం, నలభై తెల్లరాళ్ల మధ్య ఒకటి లేత గులాబీ రంగులో కనబడింది.

గులాబీ వజ్రాలుంటాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పైగా బజారులో పెరిగిన పిల్లకి రంగు కంటబడగానే వచ్చే అనుమానం ఒకటుంది: నెత్తిమీద ఏముంది? అక్కడ కొట్లకన్నిటికీ ఎర్ర టార్పాలిన్లే కడతారు. వెలిసిపోయిన మొప్ప కూడా ఆ నీడలో నవనవలాడుతుంది. లోవలక్ష్మి తలెత్తి చూసింది. కిటికీ అవతల, ఎదురు డాబా మీద ఎవరో ఎర్ర దుప్పటి ఆరేశారు. "ఓస్, ఇదా" అనుకుని రాయిని తెల్లవాటిలో కలిపేసింది.

ఆ సాయంత్రం లోవలక్ష్మి పని నుంచి వచ్చి అమ్మ కొట్లో కూర్చుంది. హోటలు తాతబ్బాయి ఒక వంజరం చేప మొప్ప ఎత్తి పట్టుకుని పేచీ మొదలెట్టాడు.

"ఇదొక్కటే ఇంత ఎర్రగుందేటి? టార్పాలిన్ మాయ కాదు కదా?"

"టార్పాలిన్ రంగయితే అన్నిటికీ పడాల కద బాబూ, దీనొక్కదానికే ఏల పడతాది? ఇది ఇందాకే వచ్చిన సరుకు" అంది అప్పలకొండమ్మ.

లోవలక్ష్మికి మధ్యాహ్నం నాటి రాయి గుర్తొచ్చింది. దుప్పటి రంగయితే నలభై రాళ్లకీ పడాలి. ఒక్కదానికే పడిందంటే ఆ రంగు రాయిదే. ఆరింటికి కొరియర్ వస్తాడు, పొట్లం వెళ్లిపోతుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, నాలుగు రోజుల్లో ఉద్యోగం ఖాయం. వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది. ఈసారి ఆగకుండా యూనిట్ దాకా పరుగెత్తింది.

"సీలు ఎయ్యకండి సార్. అందులో నా తప్పుంది."

"ఇప్పటికి రెండున్నాయి నీకు. తెలిసే సెప్తన్నావా?" అన్నాడు రోనాల్డ్.

"తెలిసేనండి."

రోనాల్డ్ పొట్లం విప్పి, రాయి తీసి, దీపం కిందికి లాక్కుని భూతద్దం పెట్టి వంగాడు. బల్లకి ఇవతల నిలబడ్డ లోవలక్ష్మికి ఆయన బట్టతల తప్ప ఇంకేమీ కనబడలేదు. చాలాసేపటికి తలెత్తాడు.

"పసుపు రాయికీ నీలం రాయికీ లోపల ఏదో ఒకటి కలిసుంటాది. ఈ గులాబీకి ఏదీ కలవదు. భూమి అడుగున నలిగి నలిగి ఈ రంగొత్తాదంటారు. సూరత్‌లో ఆరేళ్లున్నాను, ఒక్కటంటే ఒక్కటి సూసేను. ఇది పుట్టు రంగేనని బొంబాయి ల్యాబువాళ్లు తేలిస్తే, ఈ పొట్లం మొత్తం దీని ముందు దిగదుడుపే."

రాయిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తర్వాత రిజిస్టరు తీసి మూడో తప్పు రాశాడు.

"రూలు నేనే పెట్టేను లక్ష్మీ" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

లోవలక్ష్మి తలూపి వచ్చేసింది. మర్నాటి నుంచి కొట్లో చేపలు కోసింది. ఏమైందని అడిగినవాళ్లకి పని పోయిందని మామూలుగానే చెప్పింది.

నెల తిరక్కుండా యూనిట్ యజమాని ధనరాజు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బజారులోకి వచ్చాడు.

"ల్యాబు రిపోర్టొచ్చింది. పుట్టు రంగేనట! రేపట్నించి పనిలోకి వచ్చీ అమ్మా, పెర్మనెంటే. రోనాల్డ్‌కి నేను సెప్తాను."

అప్పలకొండమ్మ చేతిలో కత్తి వదిలేసి కూతుర్ని గట్టిగా పట్టుకుంది. లోవలక్ష్మి మాత్రం ధనరాజు వైపే చూస్తోంది.

"ఆ రాయి ఉందా బాబూ? ఒక్కపాలి సూసి ఇచ్చెత్తాను."

"ఇంకెక్కడి రాయమ్మా! కాగితం రాగానే అమ్ముడైపోయింది. ఏ దేశం పోయిందో ఏటో."

ఉద్యోగం పోయిన రోజున కంటతడి పెట్టని పిల్ల, ఉద్యోగం తిరిగొచ్చిన రోజున నలుగురిలో భోరుమంది. లక్షల్లో ఒకటి తన కాగితం మీదికొచ్చి నిలిస్తే, దాన్ని అనుమానించడంతోనే ఆమె పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.