గీత లోపలి మామిడితోట

తమిళనాడులో సేత్తూరుకు పడమట, కొండ అడుగున చెల్లమ్మాళ్‌కు మామిడితోట ఉంది. భర్త పెరుమాళ్సామి ఆ పక్కనే రాతిక్వారీలో టిప్పర్ నడిపేవాడు. క్వారీలో మందు పేల్చినప్పుడల్లా తోటలో పిందెలు రాలేవి. దాన్ని ఆమె పెద్దగా పట్టించుకోలేదు. వేసవి రాకముందే బావి అడుగంటడం మొదలయ్యాకే కొండవైపు తలెత్తి చూసింది.

ఆ కొండ నెత్తిన పడ్డ వాన సగం ఇటు రాజపాళయం చెరువులకు దిగుతుంది, సగం అటు కేరళకు పోతుంది. అక్కడ క్వారీలూ గాలిమరలూ కరెంటు ఆనకట్టలూ రాకుండా, ఉన్నవి మూసేలా సర్కారు చట్టం తెస్తుందన్నారు. జనం మాట వినడానికి రాజపాళయం కల్యాణమండపంలో సభ పెట్టారు. క్వారీ పనివాళ్ళ తరఫున పెరుమాళ్సామి మైకు పట్టుకుని, ఈ చట్టం వస్తే తమ పొయ్యిలు వెలగవని చెప్పి కూర్చున్నాడు.

వెనక వరుసలో చెల్లమ్మాళ్ లేచింది. లేస్తానని ఆమె కూడా అనుకోలేదు. తన బావి సంగతి సభవాళ్ళకు అర్థమయ్యేలా తమిళంలో నెమ్మదిగా చెప్పింది. చట్టం రావాలన్నది. "ఇప్పుడు మాట్లాడినది మా ఇంటాయనే. ఆయన చెప్పినదీ నిజమే" అని కూడా అన్నది.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"నాతో ముందే ఒక మాట చెప్పినావా?" అన్నాడు పెరుమాళ్సామి.

"చెప్పింటే వద్దనుంటారు."

"అనుంటాను," అని కిటికీవైపు తిరిగాడు.

చట్టం వచ్చింది. క్వారీ మూతపడింది. పెరుమాళ్సామి నూలుమిల్లు ఆడవాళ్ళను తెచ్చే వ్యాను తోలడానికి కుదిరాడు.

ఆ చట్టం గీసిన హద్దు గీత చెల్లమ్మాళ్ తోటనూ లోపలికి లాక్కుంది. లోతుగా బోరు వేసుకుంటామని అడిగితే గీత లోపల కొత్త బోర్లు కుదరవని ఆఫీసులో అన్నారు. కొడుకు ఉదయకుమార్‌కు ఒళ్ళు మండింది.

"నువ్వు అడిగి తెచ్చుకున్న సట్టమే కదమ్మా."

"అవును. ఊరికంతా ఒకటి, మనకు మట్టుము ఇంకొకటి అంటే ఎట్లా రా?" అన్నది. అన్నదే కాని, ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

తరువాతి వానలకు బావిలో నీళ్ళు కొంత పెరిగాయి. అది చట్టం వల్లనో, వాన వల్లనో ఆమెకు తెలియదు. అయినా తోట కింది మూల చెట్లు కొన్ని ఎండిపోయాయి. వాటిని కొట్టించి, తక్కువ నీళ్ళతో బతికే చింతమొక్కలు పెట్టిస్తున్నది. సెలవు దొరికిన రోజు పెరుమాళ్సామి వచ్చి గుంతలు తవ్వుతాడు.