రెండు గుక్కలు

టెక్కలిలో దిగేసరికి ఉదయం ఆరు. మే నెల. గాలి అప్పటికే వేడెక్కింది. నా సామాను ఒక ట్రంకుపెట్టె, సైన్యం ఇచ్చిన దుప్పటి, ఒక జత బూట్లు. పోస్టింగు హైవే పక్కన, మూతపడ్డ రైసుమిల్లు షెడ్డులో. పైన రేకులు, లోపల ఇంకా ఊక వాసన. జిల్లాకి కొత్తగా వస్తున్న అంబులెన్సులకి మనుషుల్ని తయారుచేసే శిక్షణ అది. సరిహద్దులో కాపలా కాసి రిటైరైనవాడు మళ్ళీ బడికెళ్ళాడంటే మీకు నవ్వు రావచ్చు. నాకు అదీ డ్యూటీయే.

గుమ్మంలో మొదట ఎదురైంది మా ఊరి జీపు డ్రైవరు. వరసకి మేనమామ. అంబులెన్సు స్టీరింగు కోసం వచ్చాడు.

"ఏటల్లుడూ, నువ్వూ ఇక్కడికే వచ్చీసినావా?" అంటూ నా పెట్టె అందుకున్నాడు.

నేను నమస్కారం పెట్టాను. అప్పటికి ఆయనంటే మా ఇంటిల్లిపాదికీ గౌరవమే.

ఎందుకో చెబుతాను. మా తమ్ముడు కొబ్బరిచెట్టు మీంచి పడినప్పుడు నేను మంచులో ఉన్నాను. సెలవు దొరికి ఉద్దానంలో మా ఊరు చేరేసరికి వాడి దినాలు కూడా అయిపోయాయి. వాణ్ణి పలాస మీదుగా టెక్కలి ఆసుపత్రికి బయల్దేరదీసింది ఈయనే. దారిలో ఏం జరిగిందో మా అరుగు మీద కూర్చుని ఆయనే చెప్పాడు.

"నందిగాం కాడికొచ్చేసరికి కళ్ళు తేలేసినాడల్లుడూ. దాహం మావా అన్నాడు. జీపాపి, లేపి కూకోబెట్టి, రెండు గుక్కలు పోసినాను. పొలమారిపోనాది. మీ అన్న తలుసుకుంతన్నాడ్రా అని నెత్తి మీద తట్టినాను. మరి పలకనేదు."

నేను తలుచుకున్నానట. అందుకే వాడికి పొలమారిందట. ఆ మాటకి అమ్మ గుండెలు బాదుకుంది. ఆఖరి గుక్క పోసిన పుణ్యాత్ముడని, ఆయన ఎక్కడ కనిపించినా చేతులు జోడించేది. నేనూ జోడించాను.

షెడ్డులో పాఠాలు చెప్పేది విశాఖ నుంచి వచ్చిన నర్సు. మేడం అనేవాళ్ళం. మాట కరుకు. రెండో వారంలో నేల మీద రబ్బరు బొమ్మని పడుకోబెట్టి చెప్పింది.

"సగం స్పృహలో ఉన్నవాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. మింగలేడు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీరేమో పొలమారిందంటారు, ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఎవరూ తలుచుకోవడం లేదు. వాడు మునిగిపోతున్నాడు."

అందరూ నవ్వారు. మావ కూడా నవ్వాడు. తల ఊపుతూ రాసుకున్నాడు. తను ఏం రాసుకుంటున్నాడో ఆ మనిషికి తట్టనే లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా తమ్ముణ్ణి నడిరోడ్డు మీద ముంచి చంపాడు. ఆ చావుని నా తలపు మీదకి నెట్టాడు. పైగా నా తల్లి చేత దండాలు పెట్టించుకుంటున్నాడు. ఆ క్షణం నుంచి నాకు ఆయన 'వాడు' అయిపోయాడు. చావగొట్టడానికి నాకు ఒక్క చెయ్యి చాలు. కానీ దెబ్బలు మానిపోతాయి. పదిమందిలో వాడి చేతనే వాడు చేసింది చేయించాలి. ఇంకెప్పుడూ రోగిని బండెక్కించకుండా చెయ్యాలి.

శిక్షణ సాగింది. ఉదయం స్ట్రెచరు మోత. మధ్యాహ్నం కట్లు, విరిగిన కాలికి బద్దలు. రేకుల కింద ఉడికిపోయేవాళ్ళం. అన్నాల వేళ వాడు నా పక్కన చేరి పాఠం అప్పగించేవాడు.

"మెడ కదపకూడదు. కూకోబెట్టకూడదు. నీలు పొయ్యకూడదు. అంతేనా అల్లుడూ?"

"అంతే మావా."

నోటికి బాగానే వచ్చు. చేతి అలవాటు వేరు. నేను వాడి చేతుల్నే గమనిస్తూ వచ్చాను.

ఆఖర్న పరీక్ష. డ్రైవర్లకీ అదే. ఒకడు చెట్టు మీంచి పడ్డ రోగిలా పడుకోవాలి, ఇంకొకడు చూడాలి. రోగి ఏమైనా అనొచ్చు, ఏడవొచ్చు, బతిమాలొచ్చు. పక్కనే నీళ్ళసీసా పెట్టింది మేడం, కావాలనే. వాడి వంతు రాగానే నేను లేచాను.

"మావకి రోగిగా నేను పడుకుంటాను మేడం."

మిల్లు కళ్ళంలో, ఎండలో పడుకున్నాను. గచ్చు కాలిపోతోంది. వాడు పద్ధతిగానే మొదలుపెట్టాడు. తల కదలకుండా పట్టుకున్నాడు. అటూ ఇటూ ఇసుక మూటలు సర్దాడు. "బయపడకల్లుడూ, నానున్నాను" అన్నాడు. నేను కళ్ళు సగం మూశాను. తమ్ముడిదీ నాదీ ఒకటే గొంతని ఊరంతా అనేది.

"దాహం మావా."

వాడి చేతులు ఆగిపోయాయి. "వద్దల్లుడూ, పొయ్యకూడదు."

"దాహం మావా. సచ్చిపోతన్నాను."

మూత తీసిన చప్పుడు వినిపించింది. ఇసుక మూట పక్కకి జరిపి, నా తల లేపి, సీసా పెదాలకి ఆనించాడు. నేను మింగలేదు. రెండో గుక్కకి నిజంగానే పొలమారింది. దగ్గుతూ చూస్తే వాడి చెయ్యి నా నెత్తి మీదకి వస్తోంది, తట్టడానికి. సగంలో నిలిచిపోయింది.

"ఆపండి," అంది మేడం. "పేషెంటు చనిపోయాడు."

నేను లేచి కూర్చున్నాను. అందరూ వినేలా అన్నాను. "మా తమ్ముడూ ఇలాగే పోయాడు మావా. నేను తలుచుకుని కాదు."

వాడు సీసా అక్కడే పెట్టి, సంచీ తీసుకుని, పలాస బస్సెక్కాడు. మళ్ళీ పరీక్షకి రాలేదు. జీపు కూడా అమ్మేశాడని విన్నాను. నాకు జాలి కలగలేదు. తృప్తిగా ఉండింది, ఇప్పటికీ ఉంది.

నేను పాసయ్యాను. ఊరికి వెళ్ళి అమ్మకి అంతా చెప్పాను. ఆ తర్వాత వాడికి దండం పెట్టడం మానేసింది. నాకు కావలసిందీ అదే.

ఒక్కటి మాత్రం వదలడం లేదు. ఆ సీసా నా పెదాలకి ఆనించినప్పుడు, నీళ్ళు చొక్కా మీద ఒలకకుండా, వాడు రెండో అరచెయ్యి నా గడ్డం కింద పట్టాడు. తమ్ముడికీ అలాగే పట్టి ఉంటాడు.