మా అత్తయ్య చేసిన ఒత్తి

అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉద్యోగం చేస్తూ, మా ఆవిడకు తెలియకుండా వేప్ అనే ఈ-సిగరెట్ అలవాటు చేసుకున్న రోజులవి. లోపల వేడెక్కే కాయిల్ మార్చినా, స్క్రూలు బిగించినా దాని మాడు రుచి పోవడం లేదు. ఓ శనివారం గ్యారేజ్‌లో దాన్ని విప్పి, కాయిల్‌లోని మాడిన దూదిని చూస్తూ కూర్చుంటే, మా ఇంటికొచ్చి ఉన్న అత్తగారు వచ్చి చూశారు.

"ఆఫీస్ సెన్సర్ అత్తయ్యా, టెస్ట్ చేస్తున్నా" అన్నాను.

"ఒత్తి మరీ దళసరిగా పెట్టారు బాబూ. నూనె అందక దూది మాడుతోంది" అంటూ పక్కనున్న కొత్త దూది తీసుకుని అరచేతుల మధ్య సన్నటి ఒత్తి చేసి, కాయిల్‌లో దూర్చారు.

నేను మామిడి ఫ్లేవర్ లిక్విడ్ పోసి బటన్ నొక్కగానే ఆవిరి గుప్పున వచ్చింది. ఆ సంబరంలో ఒళ్లు మరిచి, అలవాటుగా ఒక దమ్ము లాగి వదిలాను. మామిడిపండు వాసన అత్తయ్య ముఖాన్ని కమ్మేసింది.

"సెన్సర్ బాగానే పనిచేస్తోంది. ఈ ఒత్తి మాడేలోగా మా అమ్మాయికి మీరే చెప్పండి" అన్నారు.

ఆ సాయంత్రమే చెప్పేశాను. ఇప్పటికీ అత్తయ్య దీపానికి ఒత్తులు చేస్తుంటే ఆ గదిలోకి వెళ్లను.