ముక్కుతో చూసే కుక్క

"గా కుక్క మల్ల ఏడుస్తుంది. పక్కింట్ల కోడలికి నెలలు నిండినయి. గిట్ల ఏడిస్తే అరిష్టం గాదా? రేపు పొద్దుగాల్నే దాన్ని తోటల ఇడిసిరా" అంది మా అవ్వ.

"ఏడ్పు గాదే అది. వాసన దొరికిందని కూత పెడ్తుంది" అన్నాడు మా తాతయ్య.

"ఇన్నేండ్లయినా నా మాట తెల్వదు గని, కుక్క మాట తెల్సిందా నీకు!"

నా చిన్నప్పుడు, కొల్లాపూర్ దగ్గరి మా ఊళ్లో జరిగిన తగువు ఇది. తాతయ్య కావలి కాసే మామిడితోట యజమాని ఇచ్చిన కుక్క అది. పొట్టి కాళ్లు, వేలాడే చెవులు, తోక కొసన తెలుపు. ఊరి కుక్కల్లా మొరిగేది కాదు, మెడ చాచి గొంతు సాగదీసి కూసేది. కుక్క అలా కూస్తే ఇంట్లో చావు వస్తుందని మా వైపు భయం. అవ్వ మాట నిజమే అనిపించింది. తాతయ్యదీ నిజమే అనిపించింది. నాకైతే ఆ కుక్క పోవద్దు.

"జర నువ్వే చూద్దువు రా బిడ్డా" అని తాతయ్య నన్ను ఊరవతలి బీడుకు తీసుకుపోయాడు. మోకాలెత్తు గడ్డిలో వంకరటింకరగా నడిచి, ఆ చివరి బండమీద కూర్చోమన్నాడు. నడుస్తుంటే ముల్లు గుచ్చుకుంది. అక్కడే కూర్చుని తీసుకున్నాను. బండెక్కి చేయి ఊపగానే తాతయ్య గట్టుమీంచి కుక్కను వదిలాడు.

ఎదురుగా నేనున్నాను. నేరుగా రావచ్చు కదా! అది రాలేదు. ముక్కు నేలకు ఆనించి, నేను పోయిన వంకరలన్నీ పోయింది. గడ్డిలో దాని తోక కొస ఒక్కటే తెల్లగా ఆడుతోంది. గట్టిగా పిలిచినా తల ఎత్తలేదు. ముల్లు తీసుకున్న చోట ఆగి, గుండ్రంగా తిరిగి, ఒక కూత పెట్టి మళ్లీ కదిలింది. గుడ్డిదా, చెవిటిదా, పిచ్చిదా? నాకేమీ అర్థం కాలేదు. చివరికి వచ్చి నా అరికాలు నాకింది.

"సన్నటి వేటకుక్కలుంటయి జూడు, అవి కండ్లతోని తరుముతయి. ఇది ముక్కుతోని జూస్తది. దానికి నువ్వు మనిషివి గావు, వాసనవు" అన్నాడు తాతయ్య. వెనక వచ్చే మనిషికి గడ్డిలో కనబడాలనే ఈ జాతికి తోక కొస తెల్లగా ఉంచుకున్నారని కూడా చెప్పాడు.

పరుగున పోయి అంతా అవ్వకు చెప్పాను. రొట్టె తట్టడం ఆపకుండానే విన్నది. "నాకు తెలిస్తే సరిపాయెనా? పక్కింటి పిల్ల బెదిరి ఏమన్నయితే ఎవలు జవాబు?" అంది. ఎవరిది తప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈమధ్య గద్వాలలో మా మనుమరాలు బీగిల్ అనే జాతి కుక్కను తెచ్చింది. అవే చెవులు, అదే తోక. దానికి సంచుల్లో తిండి కొంటుంటే, జొన్నరొట్టె లేదా ఇంట్లో అని తిట్టాను. దాని మొదటి కూత వినగానే పక్క వాటా తలుపు తట్టి, లోపల చంటిపిల్లతో ఉన్న తల్లిని, "నీకు ఇబ్బందా బిడ్డా?" అని అడిగివచ్చాను. మనుమరాలు నవ్వింది. ఎవరికోసమని ఏ పని తలపెట్టినా ముందు వాళ్లనే అడగడం నాకు ఆ తగువు మరుసటి పొద్దున పట్టుకున్న అలవాటు.

ఆ పొద్దున తాతయ్య కుక్కను ఎద్దుల బండిలో ఎక్కించుకుని తోటకు పోయాడు. కాసేపటికి పక్కింటి కోడలు గోడ దగ్గరికి వచ్చింది.

"కుక్క సప్పుడు లేదేంది అవ్వా?"

తోటకు పంపేశామని అవ్వ చెప్పింది.

"అయ్యో, ఎందుకు? పగలంత ఒక్కదాన్నే ఉంట గద. అది కూస్తుంటే ఎవరో తోడున్నట్టుండె."

నీ కోసమే పంపామని అవ్వ అనలేకపోయింది. బండి వెంట ఉరకమని నన్ను తోలింది. నేను ఊరి చివరిదాకా ఉరికాను. బండి కనబడలేదు.