ఖాళీ సంచితో సాయంత్రపు నడక

1979 జూన్‌లో నన్ను చిత్తూరు నుంచి తిరుపతిలోని అమ్మకపు పన్ను కార్యాలయానికి సీనియర్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. నేను కామర్సు చదవలేదు; నా లెక్కలు పని చేస్తూ నేర్చుకున్నవే. వ్యాపారి ఏడాది చివర దాఖలు చేసిన లెక్కలను కొనుగోలు బిల్లులతో, సరుకు నిల్వతో పోల్చి, తేడా ఉంటే నోటు రాసి అధికారి ముందు పెట్టడం నా పని. పన్ను ఎంతో తేల్చి ఉత్తర్వు మీద సంతకం చేసేది అధికారి. దీన్నే అసెస్‌మెంటు అంటారు.

కుర్చీ వదలకుండా కూర్చోవడంతో ఆ ఏడాది గడిచేలోపే నడుము పట్టేసింది. డాక్టరు మందు రాయలేదు. "దినామూ సాయంత్రం మెల్లగా నడవండి. పరుగులొద్దు. నొప్పి తెలిస్తే ఆడనే కాసేపు నిలబడుకోండి, మళ్లా కదలండి" అన్నాడు.

వినడానికి సులువే. కానీ ఆ రోజుల్లో మా వీధుల్లో పని లేకుండా నడిచే గుమాస్తా ఎవరూ ఉండేవారు కాదు. ఎదురైన ప్రతివాడూ "యాడికి సార్?" అనేవాడు. ఒంటి కోసం నడుస్తున్నానని చెప్పడానికి నాకు సిగ్గు. డబ్బున్నవాళ్ల షోకు అనుకుంటారేమోనని. అందుకని ఒక గుడ్డ సంచి పట్టుకుని బయలుదేరేవాణ్ణి. అడిగితే "అంగడికి" అనేవాణ్ణి. ఏమీ కొనకుండానే తిరిగొచ్చేవాణ్ణి.

నొప్పి సరిగ్గా మునిరత్నం శెట్టి పప్పుల మండీ దగ్గరికి వచ్చేసరికి మొదలయ్యేది. నిలబడేవాణ్ణి. నిలబడితే నా కళ్లు ఊరుకోవు. లోపల పేర్చిన మూటల వరుసలు లెక్కపెట్టేవి. శెట్టి ఫైలు అప్పుడు నా బల్ల మీదే ఉంది. నేనక్కడ నిలబడటానికీ ఆ ఫైలుకూ ముడి పడుతుందని నాకు తోచలేదు.

ఒక సాయంత్రం ఆయన గబగబా మెట్లు దిగి వచ్చి, నా సంచిలో కందిపప్పు పొట్లం వేశాడు.

"తప్పు మాదే సార్. దినామూ ఖాళీ సంచితో వచ్చి నిలబడతా ఉండారు. మా మట్టిబుర్రకు ఇప్పటికి ఎక్కినాది."

నడుము నొప్పితో నిలబడుతున్నానని చెప్పాను.

"మీ ముందరాయన మోకాలి నొప్పి అనినాడు సార్" అన్నాడు. మూటలు మోసే హమాలీలు పగలబడి నవ్వారు.

పొట్లం తీసి మెట్టు మీద పెట్టాను. శెట్టి ముఖం వాడిపోయింది. "చాలదా సార్?" అని, లోపలికి తిరిగి, "రేయ్, ఇంట్లో నెయ్యి డబ్బా ఎత్తుకొని రారా!" అని కేక వేశాడు. వీధంతా చూసింది. డాక్టరు వద్దన్న పరుగు ఆ రోజు పెట్టాను.

మర్నాడు జరిగింది అధికారికి చెప్పి, ఆ ఫైలు వేరే అసిస్టెంటుకు మార్చమని కోరాను. ఆయన సాంతం విని, సంచి ఎందుకని ఒక్కటే అడిగారు. తల వంచుకుని నిజం చెప్పాను. ఆయన నవ్వలేదు; నవ్వి ఉంటే బాగుండేది. ఫైలు మారింది. నాకు నెయ్యి కూడా చాలలేదని వీధిలో చెప్పుకున్నట్టు తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు ఆ అసిస్టెంటు నోటు పెట్టాడు: శెట్టి లెక్కల్లో ఏ తేడా లేదు. అసలు సిగ్గు నాకు అప్పుడు వేసింది. తప్పు లేని మనిషి, నేను కనబడిన ప్రతి సాయంత్రమూ భయపడ్డాడు.

నడక మానలేదు. ఎవరడిగినా నడుము కోసమనే చెప్పడం మొదలుపెట్టాను. పన్నుల ఉద్యోగి అంగడి ముందు ఆగితే, లోపల కూర్చున్నవాడికి అది తనిఖీయే. ఆగినవాడి నడుము నొప్పి అతనికి కనబడదు.